మా ఇల్లు తిరిగిన ఏడాది

పోస్టు కొంచెం పెద్దది. స్టడీ అవర్ అయ్యాక, లైట్లు తీసేలోపు ముక్కలు ముక్కలుగా రాసింది. తప్పులుంటే సర్దుకోండి.

మొన్న కాలేజీలో ఇంగ్లీషు మేడం ఒక్కొక్కళ్లని లేపి, పోయిన ఏడాది ఫ్యామిలీతో ఎక్కడెక్కడ తిరిగారో చెప్పమన్నారు. ఒకళ్లు ఊటీ అన్నారు, ఒకళ్లు అరకు, ఇద్దరు పాపికొండల లాంచీ. హాస్టల్ నుంచి వచ్చే మేము ఆరుగురం "ఎక్కడికీ వెళ్లలేదు మేడం" అని కూర్చున్నాం. వాళ్లు లాంచీ ఎక్కిన పోచవరం మా మండలమే. లాంచీలోంచి వాళ్లు ఫొటోలు తీసుకునే ఇసుక తిన్నెల మీదే మేము వేసవిలో పడుకుంటాం. అయినా ఎక్కడికీ వెళ్లలేదనే నోట్లోంచి వచ్చింది. రాత్రి అన్నాల దగ్గర తలుచుకుని నవ్వుకున్నాం. తర్వాత సిగ్గేసింది. అందుకే 2024లో మా ఇల్లు ఎక్కడెక్కడ తిరిగిందో ఇక్కడ చెప్తున్నాం.

మేము అంటే నాన్న, అమ్మ, నాయనమ్మ, తమ్ముడు, ఇది రాస్తున్న పెద్దపిల్ల. వి.ఆర్.పురం మండలం, గోదారి ఒడ్డు, కోయవాళ్లం. ఇంట్లోంచి కాలేజీకి వచ్చింది పెద్దపిల్లే మొదలు.

ఫిబ్రవరిలో మేడారం. రెండేళ్లకోసారి జాతర కదా, ఆ ఏడు 21 నుంచి 24 దాకా పడింది. ఆటోలో కూనవరం, అక్కణ్నుంచి భద్రాచలం, మళ్లీ జాతర బస్సు. నిలువెత్తు బంగారం తూచే స్తోమత మాకు లేదు, ఐదు కిలోల బెల్లం తీసుకెళ్లాం. నాయనమ్మ చిన్నప్పుడు ఎడ్లబండి మీద కొంత, నడిచి కొంత వెళ్లేవాళ్లంట. బస్సులో సీటు దొరికినా "ఇది జాతరకు పోయినట్టు లేదు, సంతకు పోయినట్టుంది" అని సణుగుతూనే ఉంది. చిలుకలగుట్ట నుంచి సమ్మక్కను తెచ్చే సాయంత్రం ఆ జనంలో నాయనమ్మ తప్పిపోయింది. మూడు గంటలు వెతికాం, మైకులో చెప్పించాం. చూస్తే గద్దెల దగ్గరే ఎవరో ముసలామెతో చుట్ట పంచుకుంటూ కూర్చుంది. "తప్పిపోయింది మీరు, నేను ఎక్కడికీ పోలేదు" అంది.

ఉగాది సెలవులకి ఇంటికెళ్తే ఇప్ప పువ్వు రాలుతోంది. ఆ పని తెలియని వాళ్లకి చెప్పాలంటే, పువ్వు రాత్రి నుంచి పొద్దుటి దాకా రాలుతుంది. చెట్టు కింద ఆకు ఊడ్చి శుభ్రం చేసుకుని, చీకట్నే వెళ్లి ఏరుకోవాలి. ఆలస్యమైతే పశువులు తినేస్తాయి. ఇంకా తొందరగా వెళ్తే ఎలుగుబంటి ఉంటుంది, దానికి ఇప్ప పువ్వంటే మాకన్నా ఇష్టం. ఒకరోజు మేమే మరీ తొందరగా వెళ్లాం. కొండెక్కి రెండో చెట్టు దాకా పోయేసరికి ముందు నడుస్తున్న నాన్న చెయ్యి వెనక్కి పెట్టాడు. చెట్టు కింద నల్లగా, నిదానంగా, మా బుట్టలో పడాల్సిన పువ్వంతా తింటోంది. తమ్ముడు ఫోన్ తీయబోతే అమ్మ వాడి చెయ్యి గట్టిగా గిల్లింది. వెనక్కి తిరక్కుండా, అడుగులో అడుగేసుకుంటూ వాగు దాకా వెనక్కే నడిచాం. తెల్లారాక మళ్లీ వెళ్తే చెట్టు కింద తొక్కిన పువ్వు తప్ప ఏం లేదు. "ఈ రోజు కూలి దానిది" అన్నాడు నాన్న. అదే కొండకి ఏప్రిల్ అంతా రోజుకి రెండుసార్లు ఎక్కి దిగాం. దాన్ని ట్రెక్కింగ్ అంటారని కాలేజీలో తెలిసింది.

మే నెలలో పొద్దున తునికాకు, రాత్రి చేపలు. వేసవిలో గోదారి సన్నబడి ఇసుక పైకి తేలుతుంది. చాపలు, కుండ, బియ్యం మూట తీసుకుని ఇసుక మీదికే వెళ్లిపోతాం. పొడుగు తాడుకి వరసగా గాలాలు కట్టి, చిన్న చేపలు గుచ్చి, చీకటి పడ్డాక మడుగులో వేస్తాడు నాన్న. వాలుగ పడితే దానికే పడాలి. చేప సుడిలో ఉండదంట, సుడి పక్కన నీళ్లు మెల్లగా తిరిగే చోట ఆగుతుందంట. నాన్న అక్షరాలు చదవలేడు గానీ, నీటి మీద నురగ ఎటు పోతుందో చూసి అడుగున ఎంత లోతుందో చెప్తాడు.

ఆ వేసవిలో పెద్దపిల్ల విసురు వల నేర్చుకుంది. ఆడపిల్లకి వలెందుకని నాయనమ్మ అంది, ఆవిడే మళ్లీ ఒడ్డున కూర్చుని "మోచెయ్యి ఎత్తు, మోచెయ్యి" అని అరిచింది. మూడు రోజులు వల విప్పుకోకుండా తాడులా దబ్బున పడింది. నాలుగో రోజు పళ్లెంలా గుండ్రంగా విచ్చుకుంది. మూడు జెల్లలు పడ్డాయి. ఆత్రంగా తీయబోతే ముల్లు గుచ్చుకుని చెయ్యి మోచేతి దాకా సలిపింది. ఆ రాత్రి కూర అంత రుచిగా ఎప్పుడూ లేదు, కారం ఎక్కువైనా సరే.

జూన్ నుంచి వానలు, వెదురు కొమ్ములు, పొలం పని. దాని గురించి చెప్పేదేం లేదు, మీ అందరికీ తెలిసిందే.

అసలు రాయాలనుకున్నది దసరా సెలవుల గురించి. మా మేనత్త వాళ్లది దేవీపట్నం మండలం. పోలవరం ముంపులో వాళ్ల ఊరు ముందే లేచిపోయింది, ఇప్పుడు గోకవరం వైపు కాలనీలో ఉంటున్నారు. ఆ దసరాకి మొదటిసారి అందరం కలిసి చూడ్డానికి వెళ్లాం. చింతూరు మీదుగా మారేడుమిల్లి ఘాట్. మలుపులకి అమ్మకి, నాయనమ్మకి వాంతులు. బస్సు ఆగినచోట బొంగులో చికెన్ రేటు చూసి తమ్ముడు "మనం ఇన్నేళ్లూ ఊరికే తినేశాం" అన్నాడు.

కాలనీలో ఇళ్లు వరసగా, ఒకేలా ఉన్నాయి. అత్త ఇల్లు కనుక్కోవడానికి రెండు వీధులు తిరిగాం. చివరికి గోడకి వేలాడుతున్న వల చూసి గుర్తుపట్టాం. మామ దాన్ని మేకులు కొట్టి చక్కగా తగిలించాడు, సీసం గుళ్లకి దుమ్ము పట్టింది. మధ్యాహ్నం బండి మీద ఐసు పెట్టెతో చేపలాయన వస్తే కిలో కొని వండారు. మామ తింటూ తింటూ "ఏం బావా, మన మడుగులో వాలుగ పడుతోందా?" అని అడిగాడు. నాన్న పడుతోందన్నాడు. ఎంత సైజు అంటే చెయ్యి చాపి చూపించాడు. మామ ఇంకేం అడగలేదు.

కానీ అత్త మాట కూడా రాయాలి. బడి పది నిమిషాల నడక. ఫోన్ చేస్తే 108 గుమ్మం ముందుకొస్తుంది. "పురుడొస్తే డోలీ కట్టక్కర్లేదు వదినా" అంది అమ్మతో. అమ్మ ఆ మాట ఊళ్లోకి తెచ్చుకుంది.

మా ఊరు కూడా ముంపులోదే. 41.15 మీటర్ల కాంటూరులో ఉన్న ఊళ్లని ముందు లేపుతున్నారు, మాది 45.72 లెక్కలోకి వస్తుంది. అంటే ఇవాళ కాదు, ఎప్పుడో తెలీదు. ఇక్కడిదాకా మేము, మేము అని రాసుకొచ్చాం గానీ, ఈ సంగతిలో మేము ఐదుగురం ఒక్క మాట మీద లేం. అమ్మ వెళ్లిపోదామంటుంది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదారి 71 అడుగులు దాటింది, అక్కడ మూడో హెచ్చరికే 53 అడుగులకి ఇస్తారు. అప్పుడు మేము కొండ మీద టార్పాలిన్ కింద పదకొండు రోజులున్నాం. నాయనమ్మకి జ్వరం, తడిసిన బియ్యం, కిందికి చూస్తే మా ఇంటి కప్పు కూడా కనపడలేదు. అమ్మ ఆ పదకొండు రోజులూ మర్చిపోలేదు. తమ్ముడు డబ్బులొస్తే ఆటో కొంటానంటాడు. నాయనమ్మ తన చావు ఇక్కడేనని ఎప్పుడో తేల్చేసింది. నాన్న వెళ్దామనడు, వద్దనడు, లేచి వల సర్దుకుంటాడు. పెద్దపిల్లకి అమ్మ మాట వింటే అమ్మది, మామ ఇంటి గోడ గుర్తొస్తే నాన్నది రైటనిపిస్తుంది. చదువుకున్నదానివి, నువ్వే చెప్పు అంటారు అందరూ. చెప్పలేకపోతోంది.

సంక్రాంతికి వెళ్లి తిరిగి వస్తుంటే నాన్న ట్రంకు పెట్టెలో పుస్తకాల కింద ఏదో పెట్టాడు. ఎండుచేపలనుకున్నాం, అవీ ఉన్నాయి. వాటి కింద చిన్న వల. డిసెంబరు అంతా రాత్రుళ్లు కూర్చుని అల్లాడంట. "రాజమండ్రిలో కూడా గోదారే కదా" అన్నాడు, అంతే.

పోయిన ఆదివారం అవుట్ పాస్ తీసుకుని, "ఎక్కడికీ వెళ్లలేదు" అన్న మేము ఆరుగురం రేవుకి వెళ్లాం. స్నానాలకొచ్చిన వాళ్లు ఆగి చూస్తున్నారు. మొదటిసారి ప్లాస్టిక్ కవరు పడింది. రెండోసారి వల తాడులా పడింది, జనం నవ్వారు. ఏడోసారికి గుండ్రంగా విచ్చుకుంది. నాలుగు పరిగెలు, ఒక జెల్ల. ఈసారి ముల్లు గుచ్చుకోలేదు. హాస్టల్ వంట అక్కని బతిమాలితే పొయ్యి మీద వేయించి ఇచ్చింది, అందులోంచి ఒక పరిగె తనే తీసుకుంది. ఆరుగురికి తలా రెండు ముక్కలు కూడా రాలేదు.