గూడబాతుల ఊరిలో ఒక పూట

సఫారీ అనగానే మనకు తోచేది ఆఫ్రికా, సింహాలు, పైకప్పు ఎత్తిన జీపులు. నా వంటి పాతకాలపు పంతుళ్ళకు మరొకటి కూడా తోస్తుంది. పొట్టిచేతుల చొక్కా, అదే గుడ్డతో కుట్టిన ప్యాంటు తొడుక్కుని బడి తనిఖీకి వచ్చే అధికారుల సఫారీ దుస్తులు! మాట పుట్టుక విచారిస్తే, అది స్వాహిలీ భాషలో ప్రయాణమనే అర్థంలో వాడే పదం. దాని మూలం అరబ్బీలోని ‘సఫర్’. ఉర్దూ పాటలు విన్నవారికి ఆ సఫర్ కొత్తది కాదు. కనుక సింహం కనబడినా కనబడకున్నా, బయలుదేరి వెళ్ళి కన్నులార చూసి వచ్చినదంతా సఫారీయేనని నా అభిప్రాయం.

ఇంత ఉపోద్ఘాతం ఎందుకంటే, మా అమ్మాయి కుటుంబం టాంజానియాలోని దారెస్సలాంలో ఉంటుంది. పన్నెండేళ్ళ మా మనుమరాలు సెరెంగెటి అభయారణ్యం చూసిన పిల్ల. సంక్రాంతికి నెల్లూరు వచ్చినప్పుడు, “తాతయ్యా, ఇక్కడ సఫారీ లేదా?” అని అడిగింది. మరునాడే నేలపట్టుకు ప్రయాణమయ్యాము.

నేలపట్టు దొరవారిసత్రం మండలంలోని చిన్న ఊరు. నెల్లూరి నుండి నాయుడుపేట మీదుగా వెళ్ళాలి. 2022 ఏప్రిల్ నుండి ఆ ప్రాంతం తిరుపతి జిల్లాలో చేరింది గాని, నా నోటికి ఇప్పటికీ నెల్లూరు జిల్లా అనే వస్తుంది. అక్కడి చెరువును, దాని చుట్టూ ఉన్న అడవిని కలిపి 1976లో పక్షుల రక్షితకేంద్రంగా ప్రకటించారు. మొత్తం విస్తీర్ణం సుమారు 459 హెక్టార్లు. సెరెంగెటితో పోలిస్తే అది ఒక పెరడు మాత్రమే.

ఆ చెరువు నీటిలోనే కడప చెట్లు నిలిచి ఉంటాయి. మోకాటి లోతు మునిగినా కుళ్ళని చెట్లవి. వాటి కొమ్మల మీద పుల్లలతో పేర్చిన గూళ్ళు, గూళ్ళ నిండా గూడబాతులు. నత్తగుల్లకొంగలు, నీటికాకులు, తెల్లకంకణాయిలు కూడా ఉన్నాయి గాని, ఆ కొలువుకు దొరలు మాత్రం గూడబాతులే. తల్లి వచ్చి వాలగానే పిల్ల తన తలను మెడదాకా తల్లి గొంతుసంచిలోకి దూర్చి, అందులోని చేపను లాక్కుని తింటుంది. మనుమరాలు గోపురం మీద నుండి అది చూసి, “అమ్మ వంటింట్లో నేను డబ్బాలు వెతికినట్టే ఉంది తాతయ్యా!” అంది.

ఈ పేరును గురించి ఒక మాట. మన పల్లెల్లో పూర్వం ఇద్దరు మనుషులు అటొకరు ఇటొకరు నిలబడి, తాళ్ళు కట్టిన బుట్టతో పల్లం నుండి మెరకకు నీళ్ళు తోడేవారు. ఆ బుట్ట పేరు గూడ. ముక్కు కింద సంచితో నీళ్ళతో సహా చేపలను తోడుకునే పక్షికి గూడబాతు అని పేరు పెట్టినవాడు తప్పక పొలం దున్నినవాడై ఉంటాడని నా ఊహ. చాలామంది వీటిని సైబీరియా కొంగలనీ, విదేశీ అతిథులనీ అంటుంటారు. గూడబాతు మన దక్షిణాసియా పక్షి. నత్తగుల్లకొంగా అంతే. అతిథులు కావు, మన ఇంటి బిడ్డలే.

మనుమరాలికి ఒక సందేహం కలిగింది. “సెరెంగెటిలో జీపు దిగనివ్వరు. లోపల ఊళ్ళు ఉండవు. ఇక్కడ పక్కనే ఇళ్ళు, గేదెలు, వరిచేలు ఉన్నాయే, వీళ్ళను ఎందుకు పంపించలేదు?” పిల్ల అడిగినదే అయినా తేలిక ప్రశ్న కాదు. సెరెంగెటిలో పశువులు మేపుకునే మసాయి జనులను 1959లో అక్కడి నుండి కదిలించి, పక్కనున్న గోరోంగోరో ప్రాంతానికి పంపారు. మృగాలను కాపాడాలంటే మనిషిని తొలగించాలనే ఆలోచన అది.

నేలపట్టు ఆలోచన వేరు. అక్కడ గట్టు మీద కూర్చున్న ఒక రైతు నేను పంతులునని తెలిసి ఇలా చెప్పాడు: “అయివారా, ఈటి రెట్ట చెరువులో పడతాది, ఆ నీళ్ళు మా చేలకు పారతాయి. మా అబ్బ కాలంలో అదే ఎరువు. పిట్టను కొడితే మా నోటికాడి కూడు మేమే కొట్టుకున్నట్టు.” ఇందులో ధర్మపన్నాలు లేవు, ఒడంబడిక ఉంది. చెట్టూ నీడా ఊరివారివి, ఎరువు పక్షులది.

మనుమరాలు ఊరుకోలేదు. “ఇప్పుడు యూరియా బస్తాలు దొరుకుతాయిగా?” అంది. ఆయన కాసేపు చెరువు వైపు చూసి, “దొరకతాయమ్మా. అయినా ఇవి గూళ్ళు పెట్టలేదంటే చెరువు నిండలేదని అర్థం. ఇవి రాని యేడు మాకూ కష్టమే” అన్నాడు.

ఆ ఒడంబడికలో ఎరువు పాలు తగ్గిపోయింది. వాన పాలు మిగిలింది. రేపు ప్రతి చేనికీ బోరుబావి వచ్చి, చెరువు మీద ఆధారం కూడా పోతే, గూడబాతు అవసరం ఎవరికుంటుంది? నన్ను బాధించిన ప్రశ్న ఇది. పక్షులు మనలను విడిచిపోగలవు. కొల్లేటి ప్రాంతంలో 1946లో కె.కె. నీలకంఠన్ కనుగొన్న గూడబాతుల కొలువులో ఇంచుమించు మూడువేల పక్షులు గూళ్ళు కట్టేవి. 1975 నాటికి ఆ కొలువు ఖాళీ అయింది. ఈ నీలకంఠన్ గారు ఆంగ్లోపాధ్యాయులు. ‘ఇందుచూడన్’ అనే కలంపేరుతో కేరళ పక్షుల గురించి తమ మాతృభాష మలయాళంలో 1958లో గ్రంథం వెలువరించారు. ఉపాధ్యాయవృత్తిలో నుండి అంతటి పని చేసినవారిని తలచుకుంటే నాకు గౌరవమూ, కొంచెం అసూయా కలుగుతాయి.

సాయంత్రం సూళ్ళూరుపేట దాటి శ్రీహరికోట దారి పట్టాము. ఆ దారి పులికాట్ సరస్సు నడుమనుండి పోతుంది. చిలికా తరువాత మన దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. నేలపట్టు గూడబాతులు మేతకు వచ్చేది ఇక్కడికే. రాజహంసలని పిలిచే ఫ్లెమింగోలు నీటిలో తల తలకిందులుగా పెట్టి, ముక్కులోని దువ్వెన వంటి పళ్ళతో నీటిని వడగట్టి ఆహారం పట్టుకుంటున్నాయి. తరగతిలో హంస పాలను నీటినుండి వేరుచేస్తుందని ముప్పయ్యేళ్ళు చెప్పాను. పాలు లేకపోయినా వడకట్టడం మాత్రం కళ్ళ ముందే ఉన్నది. అయితే రాయదొరువు వంటి ముఖద్వారాలు ఇసుకతో పూడితే సముద్రపు నీరు లోనికి రాదు, చేపలూ రావు. అప్పుడు పస్తులుండేది పక్షులొక్కటే కాదు, జాలరి కుటుంబాలు కూడా. అక్కడ మనిషి బ్రతుకూ పక్షి బ్రతుకూ ఒకే వలలో ఉన్నాయి.

అందుకే మనిషిని పంపివేసి పక్షిని కాపాడే పద్ధతి మన తీరానికి పొసగదని నేననుకుంటాను. ఆ రైతుకు చెరువుతో పని మిగిలి ఉండాలి. చెరువు పూడిక తీయడం, పారుదల నిలపడం, ముఖద్వారాలు తెరవడం పక్షుల రక్షణలో భాగమే.

చూడదలచిన మిత్రులు అక్టోబరు నుండి మార్చి లోపల వెళ్ళండి. ఉదయం ఎండ ముదరక ముందే చెరువు చేరండి. పిల్లలను వెంట తీసుకువెళ్ళండి. గట్టు మీద ఎవరైనా రైతు కనబడితే, పక్షుల సంగతి ఆయననే అడగండి.