ఫీజు అడగని కొండ కళాశాల



అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో, అప్పలేచియన్ కొండల అంచున బెరియా అనే చిన్న పట్టణమున్నది. అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయంలో మనం చదివే బెరయ పేరునే దానికి పెట్టారు. అక్కడి బెరియా కళాశాలలో సుమారు 1,500 మంది చదువుకొంటారు. వారిలో అధికులు పేద కుటుంబాల పిల్లలు. 1892 నుండి ఆ కళాశాల ఎవరివద్దా చదువు ఫీజు తీసుకొనలేదు.

అయితే ప్రతి విద్యార్థీ వారానికి కనీసం 10 గంటలు పనిచేయాలి. వంటశాల, గ్రంథాలయం, పొలం, మగ్గం, వడ్రంగం - ఏదైనా కావచ్చును. చీపుర్లు కట్టే శాల కూడా ఉన్నది. పుస్తకం పట్టిన చెయ్యే అక్కడ చీపురు కడుతుంది.

ఈ కళాశాలను 1855లో స్థాపించిన జాన్ ఫీ అనే బోధకుడు బానిసలను ఉంచుకొన్న ఇంట పుట్టినవాడు. బానిసత్వం పాపమని ప్రకటించినందుకు తండ్రి ఆయనను వెలివేశాడు. 1859లో ఆయుధాలు పట్టిన గుంపు ఆయన తోటివారిని ఊరు విడిచి పొమ్మన్నది. యుద్ధం ముగిశాక వారు తిరిగి వచ్చారు. 1866-67లో 187 మంది విద్యార్థులుండగా వారిలో 96 మంది నల్లవారు, 91 మంది తెల్లవారు. బానిసలుగా బ్రతికిన తల్లిదండ్రుల కుమారుడు కార్టర్ ఉడ్సన్ 1903లో ఇక్కడే పట్టా పొంది, నల్లవారి చరిత్ర వ్రాసిన గొప్ప పండితుడయ్యాడు.

మరుసటి ఏడాదే శ్రమ వచ్చింది. నల్లవారు, తెల్లవారు ఒకే బడిలో చదువరాదని 1904లో రాష్ట్రం చట్టం చేసింది. కళాశాల సుప్రీంకోర్టు వరకు వెళ్లి 1908లో ఓడిపోయింది. నల్లవారి కొరకు లింకన్ ఇన్‌స్టిట్యూట్ అనే వేరొక విద్యాలయం స్థాపించడానికి తోడ్పడింది. 1950లో చట్టం సడలగానే మరల తన తలుపులు తెరిచింది.

నేటికీ ప్రతి అక్టోబరులో ఒకరోజు తరగతులు ఆపి, విద్యార్థులూ ఉపాధ్యాయులూ కలిసి కొండ ఎక్కుతారు. కొందరు తెల్లవారకముందే బయలుదేరి శిఖరంపై సూర్యోదయం చూస్తారు. వసంతకాలంలో మరొక రోజును శ్రమను గౌరవించే పండుగగా జరుపుకొంటారు.

సర్వజనులూ ఒకే రక్తమువారనే సత్యమే ఆ కళాశాల ధ్యేయవాక్యం. ఆ వాక్యం మన బైబిలులోనూ ఉన్నది. మరి మన గ్రామాలలో ఒకే ప్రభువును ఆరాధించేవారికి రెండు సమాధుల తోటలెందుకు? చేసే పనిని బట్టి మనిషికి విలువ కట్టడమెందుకు? కళాశాల కట్టే స్తోమత మన సంఘాలకు లేకపోవచ్చును. ఒక పేద బిడ్డ ఫీజు కట్టే స్తోమత మాత్రం చాలా సంఘాలకున్నది. జూన్ నెల రాకముందే ఆ బిడ్డ ఎవరో విచారించండి.