త్రో-ఇన్ మన భాషలో

ఇంట్లో కోయ మాట్లాడతాం. బడిలో తెలుగు చదువుతాం. పోటీలకు పోతే ఆట నిబంధనలు ఇంగ్లీషులో వినిపిస్తాయి. ఫుట్‌బాల్ మాకు కొత్త కాదు, దాని నిబంధనలే మూడో భాషలో మా దగ్గరికి వచ్చాయి. అందుకే అందరూ చిన్నదిగా చూసే త్రో-ఇన్ గురించి నాలుగు మాటలు రాస్తున్నాం.

నేల మీదైనా, గాలిలోనైనా బంతి మొత్తం పక్క గీత దాటితేనే బయటికి పోయినట్టు. చివరగా ఎవరికి తగిలిందో వాళ్ల ఎదుటి జట్టు విసురుతుంది. విసిరేవాళ్లు మైదానం వైపు ముఖం పెట్టి నిలబడాలి. రెండు పాదాలూ కొంతైనా గీత మీదో, గీత బయట నేల మీదో ఆనాలి. బంతిని రెండు చేతులతో తల వెనక నుంచి తెచ్చి తల మీదుగా వదలాలి. కాలు లేస్తే బంతి అవతలి జట్టుకు పోతుంది.

పిల్లలకు మామూలుగా చెప్పేది ఇంతవరకే. అంటే చేయకూడనివి చెబుతారు, మనకున్న హక్కులు చెప్పరు. విసిరే చోటికి ఎదుటివాళ్లు కనీసం 2 మీటర్ల దూరంలో ఉండాలి. త్రో-ఇన్ నుంచి నేరుగా బంతి అందుకుంటే ఆఫ్‌సైడ్ లేదు. ఒక పోటీలో మా కుర్రాడు అలాగే అందుకుని గోల్ వేశాడు. జెండా లేచింది, గోల్ పోయింది. మా కెప్టెన్ వెళ్లి నిబంధన చెప్పాడు. “నాకే నేర్పుతావా?” అన్నాడు రిఫరీ. ఆ గోల్ తిరిగి రాలేదు. అప్పటి నుంచి మా కెప్టెన్లు ఆట మొదలవకముందే ఆ సంగతి రిఫరీతో మర్యాదగా మాట్లాడుకుంటున్నారు.

ఇక ఎత్తుగడ. విసిరేవాడు గీత బయట ఉంటాడు కాబట్టి లోపల మనం 10 మందిమి, వాళ్లు 11 మంది. నిలబడి ఎదురుచూస్తే బంతి పోయినట్టే. ఒకరు బంతి వైపు రావాలి, వాళ్లు ఖాళీ చేసిన చోటికి మరొకరు ఉరకాలి. విసిరినవాడిని చాలాసార్లు ఎవరూ కాయరు. అందుకున్నవాళ్లు తిరిగి అతనికే ఇస్తే దారి దొరుకుతుంది. అయితే ఇంకొకరికి తగిలేదాకా అతను బంతిని ముట్టకూడదు. విసిరిన బంతి నేరుగా ఎదుటి గోల్‌లో పడినా గోల్ కాదు, వాళ్లకు గోల్ కిక్ ఇస్తారు.

ఇది చిన్న విషయం కాదు. ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ జట్టు 2018లో డెన్మార్క్‌కు చెందిన థామస్ గ్రోన్నెమార్క్‌ను త్రో-ఇన్‌లు నేర్పడానికే పెట్టుకుంది. మరుసటి ఏడాది ఆ జట్టు యూరప్ ఛాంపియన్స్ లీగ్ గెలిచింది.

ఉపాధ్యాయులారా, సున్నంతో ఒక గీత గీసి, ఈ నిబంధనలను కోయలో, గోండిలో, సవరలో చెప్పించండి. అర్థమైన పిల్లలే మిగతావాళ్లకు చెబుతారు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, బాగా ఆడేవాళ్లు మనలో ఎప్పుడూ ఉన్నారు. ఇకపై రిఫరీ పరీక్షలు రాసి, విజిల్ పట్టుకునేవాళ్లు కూడా మన ఊళ్ల నుంచి రావాలి.