ఒక్క తప్పుకి సున్నా చెయ్యాలా?

ఈరోజు పోస్టు పురుగుమందు గురించి కాదు, వీడియో గేము గురించి. నవ్వకండి, చివరిదాకా చదవండి.

సంక్రాంతికి మా అబ్బాయి ఎక్స్‌బాక్స్ తెచ్చి టీవీకి తగిలించాడు. అందులో జామెట్రీ వార్స్ అని కాల్చే ఆట. 2005లో వచ్చిన దాంట్లో, చావకుండా కాల్చుకుంటూ పోతే పాయింట్లు రెండింతలు, మూడింతలు, అలా పదింతల దాకా పడతాయి. ఒక్కసారి పోయామా, మళ్లీ ఒకటి దగ్గరికే. మావాడు పదింతల మీద ఉండి ఏమరపాటున పోయాడు. ఇంకా ప్రాణాలు మిగిలున్నా "ఇక ఆడి ఏం లాభం నాన్నా" అని రిమోటు పక్కన పడేశాడు.

జపాన్‌లో కేవ్ కంపెనీ 1997లో తెచ్చిన దొదొన్‌పాచి ఇంకా కఠినమంట. అందులో చావక్కర్లేదు. ఒకణ్ని కొట్టాక ఇంకొకణ్ని కొట్టడం కాస్త ఆలస్యమైతే చాలు, గొలుసు తెగి లెక్క సున్నాకొస్తుంది.

జామెట్రీ వార్స్ చేసిన ఇంగ్లండు వాళ్లే 2008లో రెండో భాగానికి పద్ధతి మార్చారు. చచ్చిన శత్రువు దగ్గర పచ్చటి ముక్కలు రాలతాయి. వేరుశనగ పీకాక రాలిన కాయలు ఏరినట్టు వాటిని ఏరుకోవాలి, ఆలస్యం చేస్తే మాయమైపోతాయి. ఒక్కో ముక్కకి ఒక్కో ఇంత పెరుగుద్ది. మనం పోతే ఒక ప్రాణం పోద్ది గానీ, ఏరుకున్న లెక్క మాత్రం పోదు. తప్పుకి శిక్ష ఉంది, కష్టం మాత్రం సున్నా కాలేదు. దాన్ని మావాడు చివరి ప్రాణం దాకా ఆడాడు.

నాకు పంట రుణం గుర్తొచ్చింది. 7 శాతం వడ్డీ, గడువులోపు కడితే 3 శాతం తగ్గి 4 శాతం. పదకొండేళ్లు ఒక్కరోజు తప్పకుండా కట్టా. పోయినేడు మిర్చి డబ్బులు చేతికి రావడం లేటై, తొమ్మిది రోజులు దాటింది. 2 లక్షల మీద ఆ 6,000 పోయింది. పదకొండేళ్ల లెక్క ఎవరూ అడగలేదు. తొమ్మిది రోజులకి జరిమానా వెయ్యండి, కడతాం. ఏడాది మొత్తాన్నీ కొయ్యడమెందుకు?

గట్టి రూలుంటేనే ఆటకి పట్టు అంటాడు మావాడు. నిజమే, ఆటని మళ్లీ మొదలుపెట్టొచ్చు. మన పంటకి ఆ వీలు లేదు.

బ్యాంకుని అన్నాక నా సంగతీ చెప్పాలి. మొన్న కలుపుకొచ్చినామె గంట లేటైందని పూట కూలి కోసేశా. ఆమె మా పొలంలో ఎన్నేళ్ల నుంచి చేస్తుందో ఆ పూట గుర్తు రాలేదు. నిన్న పిలిచి, ఆ గంట తీసేసి మిగతాది ఇచ్చేశా.

మీకూ ఇలా గొలుసు తెగిన సంగతులుంటే కామెంట్లో పెట్టండి.