తాలీంఖానాలోని ఉపాధ్యాయుడు

మన వాడుకలో వ్యాయామశాలకు తాలీంఖానా అని పేరు. ఉర్దూలో తాలీమ్ అంటే విద్య, శిక్షణ. మల్లయుద్ధం నేర్పే గురువును మనం ఉస్తాదు అంటాము; ఉర్దూలో పాఠం చెప్పే గురువుకు కూడా అదే మాట. ఈ రెండు మాటలను బట్టి చూస్తే, మన పెద్దలు వ్యాయామభూమిని విద్యాలయానికి వేరుగా తలచలేదని తోస్తుంది. ఆటను ఒక గదిలోను, చదువును మరొక గదిలోను ఉంచి మధ్య గోడ కట్టినవారము మనమే.

నేను తెలుగు బోధించేవాడను, క్రీడాకారుడను కాను. అయినా కొంతకాలంగా ఒక బాస్కెట్‌బాల్ శిక్షకుని చరిత్ర నా మనస్సును విడువకున్నది. దానికి కారణం ఒక విద్యార్థి. మూడు సంవత్సరాలు జట్టులో ఉండి, ప్రతి సాయంకాలం సాధనకు వచ్చి, ఒక్క ముఖ్యమైన పోటీలోనైనా ఆడే అవకాశం పొందనివాడతడు. చివరి సంవత్సరం పరీక్షలకు ముందు నా వద్దకు వచ్చి, "సార్, నా మూడేళ్లూ వృథాయేనా?" అని అడిగాడు. ఓదార్పు మాటలు ఎన్నైనా చెప్పవచ్చు. కాని అతడు కోరినది ఓదార్పు కాదు, సమాధానం. ఆ సమాధానం నాకు జాన్ వుడెన్ జీవితంలో లభించింది.

బాస్కెట్‌బాల్ 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామోపాధ్యాయుడు కల్పించిన ఆట. వై.ఎం.సి.ఎ. సంస్థ ద్వారా అది మన దేశానికి వచ్చింది. ఆ ఆటను ప్రాణప్రదంగా చూసుకునే రాష్ట్రం ఇండియానా. అక్కడ ఒక పేద రైతు కుటుంబంలో 1910 అక్టోబరు 14న వుడెన్ జన్మించారు. తండ్రి పొలం పోగొట్టుకున్నాడు గాని నియమాలను పోగొట్టుకోలేదు. అబద్ధమాడవద్దు, మోసగించవద్దు, దొంగిలించవద్దు. సణగవద్దు, ఫిర్యాదు చేయవద్దు, సాకులు చెప్పవద్దు అన్నవే ఆయన కుమారునికిచ్చిన ఆస్తి.

పర్డ్యూ విశ్వవిద్యాలయంలో చదివేటప్పుడు వుడెన్ వరుసగా మూడేళ్లు అఖిల అమెరికా స్థాయి క్రీడాకారునిగా ఎన్నికైనారు. ఎత్తు ఐదడుగుల పది అంగుళాలే. కాని బంతి కోసం నేల మీద పడి, పడినంత వేగంగానే లేచేవాడు గనుక ఆయనను ఇండియానా రబ్బరు మనిషి అని పిలిచేవారు. 1932లో ఆర్థిక మాంద్యం అమెరికాను పీడిస్తున్నది. ఆయన కూడబెట్టుకున్న తొమ్మిది వందల పైచిలుకు డాలర్లు, వివాహానికి ముందే బ్యాంకు మూతపడి పోయినాయి. అప్పు చేసి నెల్లీని వివాహమాడి, కెంటకీ రాష్ట్రంలోని డేటన్ ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయునిగా చేరారు. జట్టుకు శిక్షకునిగా మొదటి ఏడాది 6 ఆటలు గెలిచి 11 ఓడిపోయారు. ప్రపంచం తరువాత ఎరిగిన మహాశిక్షకుని ఆరంభమిది!

వారమంతా పాఠాలు చెప్పి, సెలవు దినాలలో ఇండియానాపోలిస్ కౌట్‌స్కీస్ అనే వృత్తి జట్టుకు ఆయన ఆడేవారు. ఆ జట్టు యజమాని కిరాణా వర్తకుడు. వుడెన్ అడ్డులేని త్రోలను వరుసగా 134 వేశారు. వందవది పడినప్పుడు ఆ యజమాని ఆట ఆపి నూరు డాలర్ల నోటు చేతిలో పెట్టాడట. అయినా ఆ రోజులలో వృత్తి క్రీడ కుటుంబాన్ని పోషించేది కాదు. ఆయనకు అసలైన జీవిక సౌత్ బెండ్ పట్టణంలో ఇంగ్లీషు బోధన.

అక్కడ ఆయనను ఒక ప్రశ్న బాధించింది. మొదటి శ్రేణి మార్కులు రాకపోతే తల్లిదండ్రులు పిల్లవానినీ ఉపాధ్యాయునినీ కూడా నిందించేవారు. శక్తివంచన లేకుండా చదివినవాడు కూడా ఓడినట్లేనా? ఆలోచించి 1934లో ఆయన విజయానికి ఒక నిర్వచనం వ్రాసుకున్నారు. తన శక్తి మేరకు ఉత్తమంగా కృషి చేశానని తెలిసినప్పుడు కలిగే మనశ్శాంతియే విజయమన్నది దాని సారాంశం. దానిమీద పదిహేను గుణాలను రాళ్లుగా పేర్చి ఒక పిరమిడ్ నిర్మించారు. పునాదికి రెండు మూలరాళ్లు: శ్రమ, ఉత్సాహం.

నిర్వచనాలు వ్రాయడం సులభం. పరీక్షకు నిలబడడం కష్టం. ఆ పరీక్ష 1947లో వచ్చింది. అప్పుడాయన ఇండియానా స్టేట్ ఉపాధ్యాయ కళాశాల శిక్షకులు. ఆ ఏడాది జట్టుకు కాన్సాస్ సిటీలో జరిగే జాతీయ పోటీకి ఆహ్వానం అందింది. కాని ఆ పోటీలో నల్లజాతివారికి ప్రవేశం లేదు. జట్టులో క్లారెన్స్ వాకర్ అనే నల్లజాతి యువకుడున్నాడు. అతడు ప్రధాన క్రీడాకారుడు కాడు. ఎక్కువగా బెంచీ మీద ఉండేవాడే. ఒక్కనిని ఇంట విడిచి మిగిలినవారు వెళ్లవచ్చును. వుడెన్ ఆహ్వానాన్నే తిరస్కరించారు. మరుసటి ఏడాది ఆ నిషేధం తొలగింది. ఆ పోటీలో ఆడిన మొదటి నల్లజాతి క్రీడాకారుడు వాకర్ అయినాడు. జట్టు చివరి ఆటలో ఓడింది. అయినా ఆ ఓటమికి సాటి రాగల కప్పులు నా దృష్టిలో ఎక్కువ లేవు.

1948లో ఆయన లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి వచ్చారు. మిన్నెసోటా విశ్వవిద్యాలయం కూడా ఆయనను కోరింది. ఆయనకూ అక్కడికే వెళ్లాలని ఉండేది. మంచు తుపాను వల్ల వారి టెలిఫోన్ సకాలంలో అందలేదు. వారు పిలిచేటప్పటికి ఆయన లాస్ ఏంజిలిస్‌కు మాట ఇచ్చివున్నారు; ఇచ్చిన మాట తప్పలేదు. అక్కడి వ్యాయామశాల ఇరుకైనది. ఇతరులు జిమ్నాస్టిక్స్, మల్లయుద్ధం అభ్యసించే చోటనే బాస్కెట్‌బాల్ సాధన. సాధనకు ముందు శిక్షకుడే నేల ఊడ్చి తుడిచేవారు. ఈ స్థితిలో పదిహేను సంవత్సరాలు గడిచాయి. జట్టు ఏ ఏడాదీ గెలుపుల కంటే ఎక్కువ ఓటములు చూడలేదు గాని, జాతీయ విజయం మాత్రం దక్కలేదు. పదహారవ ఏట, 1964లో, ఆడిన 30 ఆటలూ గెలిచి జట్టు జాతీయ విజేత అయినది. తరువాత 1975 వరకు, పన్నెండేళ్లలో పది జాతీయ విజయాలు. అందులో 1967 నుండి 1973 వరకు ఏడు వరుసగా.

ఇందులో మంత్రమేమున్నది? ప్రతి ఏడాది మొదటి సాధనలో ఆయన నేర్పినది మేజోళ్లు ముడత లేకుండా తొడుగుకోవడం, బూటు లేసులు సరిగా బిగించడం. ముడత పడితే పొక్కు వస్తుంది. పొక్కు వస్తే ఆట పోతుంది. ప్రతి సాధనకు నిమిషాలవారీగా పథకం చీటీ మీద వ్రాసుకునేవారు. 1974–75లో ఇద్దరు మనస్తత్వశాస్త్రజ్ఞులు ఆయన సాధనలను పరిశీలించి 2,326 బోధన క్రియలను లెక్కించారు. అందులో దాదాపు నాలుగింట మూడు వంతులు, ఏమి చేయవలెనో, ఎట్లా చేయవలెనో తెలిపేవి. పొగడ్త నూటికి ఏడు పాళ్లు మించలేదు. మందలింపులు దాదాపు అంతే. అవి తరగతిగది లెక్కలు కావా?

ఆయన శిష్యులలో అగ్రగణ్యుడు ఏడడుగుల రెండంగుళాల లూ ఆల్సిండర్. విద్యార్థిగా ఉండగానే ఇస్లాం స్వీకరించి, 1971 నుండి కరీం అబ్దుల్ జబ్బార్ పేరుతో లోకప్రసిద్ధుడైనాడు. గురుశిష్యులకు జాతి వేరు, మతం వేరు, తరం వేరు. అయినా యాభై సంవత్సరాల ఆ స్నేహాన్ని గురించి అతడు 2017లో ఒక గ్రంథమే వ్రాశాడు.

విమర్శ లేకపోలేదు. ఒక ధనికుడైన అభిమాని క్రీడాకారులకు కానుకలిస్తుంటే వుడెన్ చూచీ చూడనట్లున్నారని తరువాత పత్రికలు వ్రాశాయి. ఆ మచ్చను దాచనవసరం లేదు; చంద్రుని వర్ణించేవారు మచ్చను కూడా వర్ణిస్తారు. వరుసగా 88 ఆటలు గెలిచిన ఆయన జట్టు 1974 జనవరిలో నోటర్‌డామ్ చేతిలో ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయింది. అది జరిగినది తానొకప్పుడు ఇంగ్లీషు బోధించిన సౌత్ బెండ్ పట్టణంలోనే. 1975లో పదవ విజయంతో విరమించి, 2010 జూన్ 4న, నూరేళ్లకు కొద్ది నెలల ముందు ఆయన కన్నుమూశారు.

నా విద్యార్థికి నేను చెప్పిన సమాధానం స్వెన్ నేటర్ కథ. అతడు వుడెన్ జట్టులో బిల్ వాల్టన్ అనే మహాక్రీడాకారునికి బదులు మనిషి. ప్రతి సాయంకాలం సాధనలో వాల్టన్‌ను ఎదుర్కొనడమే అతని పని. ఆ జట్టులో ఒక్క ఆటనైనా తాను ప్రారంభించలేదు. అయినా 1973లో వృత్తి జట్లు మొదటి వరుసలోనే అతనిని ఎన్నుకున్నాయి. 1974లో అమెరికన్ బాస్కెట్‌బాల్ అసోసియేషన్‌లో ఉత్తమ నూతన క్రీడాకారుడైనాడు. బెంచీ మీది సంవత్సరాలు అతనికి సాధన సంవత్సరాలైనాయి.

విద్యార్థులారా, మీలో అందరూ వృత్తి క్రీడాకారులు కారు, కానక్కరలేదు. మేజోడు ముడతను సరిచేసుకొనే శ్రద్ధ ఏ వృత్తిలోనైనా అక్కరకు వస్తుంది. కళాశాల సంఘంవారికి నా విన్నపం ఒక్కటే. శిక్షకుని వద్దకు వచ్చినప్పుడు ఈ ఏడాది ఎన్ని కప్పులని మొదట అడుగవద్దు. ఎందరికి నేర్పారు, బెంచీ మీది కుర్రవాడు ఏమి నేర్చాడు అని అడగండి. పదిహేనేళ్లు ఓర్చిన విశ్వవిద్యాలయానికే పదహారవ ఏడు దక్కింది.