గుట్టదారిలో సైకిలు సవారీ

భువనగిరి వెళ్లినవారికి ముందుగా కనిపించేది ఊరిని ఆనుకుని నిలబడ్డ ఏకశిల. చాళుక్యరాజు ఆరవ విక్రమాదిత్యుడు, అంటే త్రిభువనమల్లుడు, దానిమీద కోట కట్టించాడు. కోట ఎక్కడం మంచి వ్యాయామమే కాని, రోజూ ఎక్కేదెవరు? ఉద్యోగస్తుడికి అక్కరకొచ్చేది రోజూ వెళ్లే దారే. నా దారి భువనగిరి నుంచి రాయగిరి మీదుగా యాదగిరిగుట్టకు. సుమారు 13 కిలోమీటర్లు.

నలభై ఆరో ఏట పరగడుపు రక్తపరీక్షలో చక్కెర 118 వచ్చింది. 126కు చేరితే మధుమేహమే! బరువా, 84 కిలోలు. "మందుల మాట తర్వాత, ముందు ఒళ్లు కదల్చండి" అన్నారు డాక్టరుగారు. గుండె పరీక్ష చేయించుకుని బస్సు మానేశాను. నలభై దాటినవారు, రక్తపోటు ఉన్నవారు ఈ పరీక్ష తప్పించుకోకూడదు.

బస్సులో కూర్చున్నవాడికి ఆ దారి చదునుగానే తోస్తుంది. సైకిలెక్కితేగాని ఎక్కుళ్లు ఎన్నున్నాయో తెలియదు. మొదటివారం ప్రతి ఎక్కుడూ లేచి నిలబడి తొక్కి, పైకి చేరేసరికి ఆయాసంతో మాట పెగిలేది కాదు. రెండు పక్కలా క్యాన్లు కట్టుకున్న పాలాయన ఒకరోజు నవ్వుతూ దాటిపోయాడు. "సారూ, జోరు చెయ్యొద్దు. ఎక్కుడు రాకముందే దమ్ము దాచుకోవాలె" అన్నాడు. వైద్యులు చెప్పేదీ అదే. తొక్కుతూ నాలుగు మాటలు మాట్లాడగలిగితే ఆ వేగం సరైనది. మాట రాకపోతే దిగి నడిపించండి, నామోషీ ఏమీ లేదు.

ఎక్కుడులో తొడల కండరాలు రక్తంలోని చక్కెరను వాడుకుంటాయి. గుండె వేగం పెరుగుతుంది, దిగుడులో తగ్గుతుంది, మళ్లీ పెరుగుతుంది. ఇలా రోజూ జరిగితే గుండెకు బలం. అయితే మోకాళ్లు జాగ్రత్త. నా సీటు మరీ కిందికి ఉండి నెలలోపే నొప్పి పట్టుకుంది. కూర్చుని, కిందికి వచ్చిన పెడలుమీద మడమ ఆనిస్తే కాలు నిటారుగా సాగాలి. సీటు ఎత్తు అంత ఉండాలి.

ఇంత తొక్కినా ఆరువారాలు తూకం ముల్లు కదల్లేదు! దోషం సైకిలుది కాదు, దారిలో నేను ఆగే బజ్జీల బండిది. కాదు, నాదే. నాబోటి బరువుగలవాడు వెళ్లివస్తే ఖర్చయ్యేది సుమారు 800 కేలరీలు. నాలుగు మిరపకాయ బజ్జీలు, పంచదార వేసిన టీ తీసుకుంటే అందులో సగం తిరిగి కడుపులో చేరినట్టే. బజ్జీలు మానాను. వాటి స్థానంలో ఇంటినుంచి తెచ్చుకున్న మజ్జిగ, గుప్పెడు వేయించిన శనగలు. ఆరునెలలకు 77 కిలోలకు దిగాను. బెల్టు రెండు రంధ్రాలు లోపలికి జరిగింది. చక్కెర 104. అది ఇంకా వందలోపుకు రావాలి.

ఆషాఢంలో మాత్రం కష్టమే. తిరుగుదారి నైరుతి వైపు కాబట్టి గాలి ఎదురుకొడుతుంది, దిగుడులోనూ తొక్కవలసిందే. చీకటి పడకముందే బయలుదేరతాను. ఆ రోడ్డు మీద లారీలెక్కువ. హెల్మెట్టు, సైకిలు వెనుక ఎర్రదీపం లేకుండా ఎక్కను.