పీక్ నంబర్ సరే... పుల్లింగ్ ఏదీ?

బండి మీద డబ్బు పెట్టిన ప్రతివాడూ ఒకటే మాట అంటాడు: 'తేడా తెలుస్తోంది బ్రో!' సైలెన్సర్ మార్చినా, ఎయిర్ ఫిల్టర్ మార్చినా, ఆఖరికి పెట్రోల్ బంకు మార్చినా ఇదే డైలాగ్. నిజంగా తేడా వచ్చిందా, లేక పెట్టిన డబ్బు అలా మాట్లాడిస్తోందా అని ఎవరూ ఆగి చూడరు.

నేను చూద్దామనుకున్నాను. నా ఉద్యోగం కూడా అదే మరి. టెక్సాస్‌లో ఒక కంపెనీలో పెర్ఫార్మెన్స్ టెస్టింగ్ చేస్తాను. కొత్త కోడ్‌తో సర్వర్ స్పీడ్ పెరిగిందని ఎవరైనా అంటే 'ఎంత పెరిగింది? ఏ లోడ్ దగ్గర? ఎన్నిసార్లు కొలిచారు?' అని అడగడానికే నాకు జీతం ఇస్తున్నారు. అలాంటివాణ్ని సొంత కారు దగ్గరికొచ్చేసరికి 'ఫీల్ బాగుంది' అనేసి ఊరుకుంటే ఏం బాగుంటుంది?

నా కారు 2004 మోడల్ నిస్సాన్ 350జెడ్. రెండు డోర్లు, రెండే సీట్లు, ముందు 3.5 లీటర్ల వీ6 ఇంజన్, వెనక చక్రాలకి పవర్. కంపెనీ లెక్క ప్రకారం 287 హార్స్‌పవర్. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో లారీ మెకానిక్. 'నువ్వు చేతికి గ్రీజు అంటకుండా బతకాలిరా' అని నన్ను ఇంజనీరింగ్ చదివించారు. చదివాను. ఇప్పుడు ప్రతి శనివారం నా గోళ్ల కింద గ్రీజే. అది ఆయనకి నచ్చిందో లేదో నాకు తెలీదు గానీ, వీడియో కాల్‌లో బానెట్ ఎత్తి చూపిస్తే మాత్రం ఆయన ఫోన్ పెట్టరు.

పంక్తిలో మొదటి రెండు ఆకులు

ఇంజన్‌ని గాలి పీల్చే పంపు అనుకోండి. పెట్రోల్ ఎంత కావాలంటే అంత ఇంజెక్టర్ చిమ్మేస్తుంది. కష్టమంతా గాలి దగ్గరే. ఫోర్ స్ట్రోక్ ఇంజన్ రెండు చుట్లకి ఒకసారి తన సైజంత గాలి తీసుకోవాలి. 3.5 లీటర్ల ఇంజన్‌కి 6,000 ఆర్పీఎం దగ్గర లెక్కేస్తే నిమిషానికి 10,500 లీటర్లు. అంటే సెకనుకి 175 లీటర్లు. ఇంట్లో నీళ్లు పట్టుకునే 200 లీటర్ల డ్రమ్ము ఉంటుంది చూడండి, దాదాపు దానికి సరిపడా గాలి ఒక్క సెకనులో లోపలికి వెళ్లాలి.

ఆ గాలిని ఆరు సిలిండర్లకీ పంచేదే ఇన్‌టేక్ మానిఫోల్డ్. పైన ఒక గది ఉంటుంది, దాన్ని ప్లీనమ్ అంటారు. అక్కణ్నుంచి ఒక్కో సిలిండర్‌కి ఒక్కో గొట్టం, వాటిని రన్నర్లు అంటారు.

350జెడ్‌లో ఆ గది పైకప్పు ముందువైపు కిందికి వాలిపోయి ఉంటుంది. పైన బానెట్, అడ్డంగా స్ట్రట్ బార్ ఉండటంతో అక్కడ చోటు తక్కువ. గాలి వచ్చేది కూడా ముందునుంచే. పెళ్లి భోజనాల్లో వడ్డించేవాడు గుమ్మంలోంచి స్పీడుగా వచ్చి, మొదటి రెండు ఆకులు దాటేసి, ఆ తర్వాత ఆగి వడ్డించడం మొదలుపెడితే ఎలా ఉంటుంది? ఇక్కడా అంతే. ముందున్న రెండు సిలిండర్లకి మిగతావాటి కన్నా గాలి తక్కువ అందుతుంది.

దీనికి జెడ్ ఓనర్లలో బాగా పాపులర్ అయిన చిట్కా ఒకటుంది. ప్లీనమ్ పై భాగం విప్పి, మధ్యలో సుమారు 8 మి.మీ. మందం అల్యూమినియం స్పేసర్ పెట్టి మళ్లీ బిగించడం. రన్నర్ల పొడవు మారదు, పైకప్పు మాత్రం కొంచెం లేస్తుంది. నిస్సాన్ కూడా 2007లో ఈ కారుకి కొత్త ఇంజన్ పెట్టినప్పుడు గాలి దారిని పూర్తిగా మార్చేసింది. ఒక త్రాటిల్ బదులు రెండు పెట్టింది. ఆ ఇంజన్ 306 హార్స్‌పవర్ ఇచ్చింది. అందులో వేరే మార్పులు కూడా చాలా ఉన్నాయనుకోండి.

అన్న కొన్న మానిఫోల్డ్

నా కాలేజీ సీనియర్ ఒకాయన ఇక్కడే ఉంటాడు. నేను ఎమ్మెస్‌కి దిగిన రోజు ఎయిర్‌పోర్టుకి వచ్చి, నన్ను తన రూమ్‌లో మూడు వారాలు పెట్టుకున్న మనిషి. అన్న దగ్గర కూడా 350జెడ్ ఉంది. దాని పిచ్చి నాకు అంటించిందే ఆయన. స్పేసర్‌తో సరిపెట్టుకోకుండా మొత్తం మానిఫోల్డే మార్చేశాడు. పెద్ద ప్లీనమ్, పొట్టి రన్నర్లు, లావు గొట్టాలు. వెయ్యి డాలర్లకి కాస్త తక్కువ, అదీ క్రెడిట్ కార్డు మీద. 'రాకెట్‌రా తమ్ముడూ' అంటాడు. ఆ ఊపులోనే కామ్‌షాఫ్ట్‌లు, వాటికి ట్యూనింగ్ అని ఇంకో నాలుగు వేల డాలర్ల లిస్టు కూడా రాసుకున్నాడు. ఆ సమయంలో ఆయన ఆఫీసులో లేఆఫ్‌ల మాట నడుస్తోంది. హెచ్1బీ మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే చేతిలో ఉండేది 60 రోజులు. ఆ 60 రోజుల్లో క్రెడిట్ కార్డు బిల్లు ఎలా కనిపిస్తుందో ఇక్కడున్నవాళ్లకి చెప్పక్కర్లేదు.

'అన్నా, కామ్‌ల దాకా వెళ్లేముందు ఉన్నది ఒకసారి కొలుద్దాం' అన్నాను. సరే అన్నాడు. ఆయన కారులోంచి మానిఫోల్డ్ విప్పి, దానికి పాతది బిగించి, కొత్తది నా కారుకి పెట్టేలా ప్లాన్ వేశాం.

పొట్టి గొట్టం, పొడుగు గొట్టం

రన్నర్ పొడవు ఎందుకంత ముఖ్యమో ఇక్కడ చెప్పాలి. ఖాళీ సీసా మూతి మీద ఊదితే 'బుమ్' అంటుంది కదా, రన్నర్‌లో గాలి కూడా అలాగే ఊగుతుంది. వాల్వ్ మూసుకోగానే పరుగెత్తుకొస్తున్న గాలి గుద్దుకుని వెనక్కి తిరుగుతుంది. ఆ ఒత్తిడి అల ధ్వని వేగంతో ప్లీనమ్ దాకా వెళ్లి మళ్లీ వస్తుంది. అది తిరిగొచ్చే టైముకి వాల్వ్ తెరిచి ఉంటే కొంచెం ఎక్కువ గాలి లోపలికి తోసుకుపోతుంది. ఫ్రీగా సూపర్‌చార్జింగ్ అన్నమాట.

6,000 ఆర్పీఎం దగ్గర పిస్టన్ పైనుంచి కిందికి రావడానికి పట్టేది 5 మిల్లీ సెకన్లే. అంతలో శబ్దం దాదాపు 1.7 మీటర్లు వెళ్తుంది. కాబట్టి గొట్టం పొడుగు ఎంత అన్నదాన్ని బట్టి ఆ అల ఏ ఆర్పీఎం దగ్గర టైముకి అందుతుందో తేలిపోతుంది. పొడుగు గొట్టం కింది ఆర్పీఎంలో సాయం చేస్తుంది, పొట్టిది పైన చేస్తుంది.

ఇదేమీ కొత్త విషయం కాదు. 1960లో క్రిస్లర్ 300ఎఫ్ కారుకి 30 అంగుళాల పొడుగు గొట్టాలు పెట్టారు. పవర్ 375 హార్స్‌పవర్, మిడ్‌రేంజ్‌లో బలమైన లాగుడు. అదే కారుకి స్పెషల్ ఆప్షన్‌గా బయటికి అలాగే కనిపించే గొట్టాల్లో లోపలి గోడ కత్తిరించి, పని చేసే పొడవు 15 అంగుళాలకి తగ్గిస్తే 400 హార్స్‌పవర్ వచ్చింది. కానీ ఆ పవర్ పై ఆర్పీఎంలోనే. అరవై ఏళ్ల కిందటే లెక్క తేలిపోయింది: ఒకచోట ఇస్తే ఇంకోచోట తీసుకుంటుంది.

కొలిచిన పద్ధతి

డైనో అంటే పెద్ద రోలర్ల మీద కారు చక్రాలు తిప్పించి పవర్ కొలిచే మెషీన్. రోడ్డు మీద స్టాప్‌వాచ్ పెట్టి చూసే పని ప్రమాదం, పైగా గాలివాటం, స్లోప్ అన్నీ కలిసిపోయి లెక్క కూడా తేలదు. అందుకే డైనో బుక్ చేశాం. కొన్ని రూల్స్ పెట్టుకున్నాం.

ఒకటి, ఒకసారికి ఒకటే మార్పు. అదే పెట్రోల్, అదే టైర్ ప్రెషర్, అదే నాలుగో గేర్.

రెండు, ఒక్కో సెటప్‌కి కనీసం మూడు రన్‌లు. ఒక్క రన్ వచ్చింది కదా అని దాన్ని స్క్రీన్‌షాట్ తీసి స్టేటస్ పెట్టడం టెస్టింగ్ కాదు.

మూడు, వేడి. అల్యూమినియం మానిఫోల్డ్ పెనంలా కాగుతుంది. గాలి 25 డిగ్రీల నుంచి 35 డిగ్రీలకి వేడెక్కితే అదే చోటులో పట్టే గాలి 3 శాతం పైగా తగ్గిపోతుంది. మా కారుకి అది ఏడెనిమిది హార్స్‌పవర్‌తో సమానం. అంటే మనం వెతుకుతున్న తేడా అంత! అందుకే ప్రతి రన్‌కి ముందు కూలెంట్, ఇన్‌టేక్ గాలి ఒకే టెంపరేచర్‌కి వచ్చేదాకా ఫ్యాన్ పెట్టి కూర్చున్నాం.

నాలుగు, ఇదే అన్నిటికన్నా ముఖ్యం. చివర్లో మళ్లీ పాత మానిఫోల్డ్ బిగించి కొలవాలి. మొదట వచ్చిన నంబరే మళ్లీ వస్తేనే మధ్యలో కనిపించిన తేడా పార్టుది. రాకపోతే అది వాతావరణానిదో, ఇంజన్ వేడిదో అయ్యుంటుంది.

ఒక్కో మార్పుకి రెండు మూడు గంటలు. స్పేసర్ పెట్టాక నాన్నకి వీడియో కాల్ చేశాను. 'ఐడిల్‌లో పెట్టి ఫోన్ దగ్గరగా పట్టు' అన్నారు. గ్యాస్కెట్ దగ్గర గాలి లీకైతే సన్నగా 'స్‌స్' మంటుంది. కాసేపు విని 'లీక్ లేదు, కానీయ్' అన్నారు. నేను మళ్లీ స్మోక్ టెస్ట్ కూడా చేయించాను. లీక్ లేదు.

వచ్చిన నంబర్లు

కంపెనీ చెప్పే 287 ఇంజన్ దగ్గర. చక్రాల దగ్గరికొచ్చేసరికి కొంత పోతుంది. స్టాక్ మానిఫోల్డ్‌తో మాకు వచ్చింది 237, 238, 236. స్పేసర్‌తో 243 అటూఇటూ. 4,500 దాకా రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి, ఆ తర్వాత స్పేసర్ గీత మెల్లగా పైకి. కింద పోయింది ఏమీ లేదు.

అన్న మానిఫోల్డ్‌తో పీక్ 248. చూడగానే 'చెప్పానా!' అని ఎగిరాడు. కానీ గ్రాఫ్‌లో 2,800 నుంచి 4,600 దాకా గీత స్టాక్ కన్నా కిందే నడిచింది. ఒకచోట టార్క్ పది ఫుట్-పౌండ్ల దాకా తక్కువ. 4,900 దగ్గర దాటి పైకి వెళ్లింది. చివర్లో మళ్లీ స్టాక్ బిగిస్తే 237. సో, టెస్ట్ కరెక్టే.

మరి అన్నకి రాకెట్‌లా ఎందుకు అనిపించింది? రెండు కారణాలు. పెద్ద ప్లీనమ్‌తో గాలి పీల్చే శబ్దం పెరిగింది, చెవికి స్పీడ్ అనిపిస్తుంది. రెండోది ఇంకా తమాషా. కింద కాస్త నీరసంగా ఉండి పైన ఒక్కసారిగా అందుకుంటే ఆ ఎక్కడం వీపుకి తెలుస్తుంది. మొదటినుంచీ సమానంగా లాగితే ఏమీ తెలీదు. మన శరీరం పవర్‌ని కొలవదు, మార్పుని కొలుస్తుంది. ఆ వారం స్టాక్ మానిఫోల్డ్‌తో నడిపినప్పుడు అన్న 'కారు డల్ అయిపోయిందిరా' అన్నాడు. ఆయన రోజూ ఆఫీసుకి నడిపేది 2,000 నుంచి 4,000 మధ్యలో. అక్కడ నిజానికి స్టాకే ఎక్కువ లాగుతోంది.

ఈ మాట ఆయనకి ఎలా చెప్పాలో తెలీక ముందు నాన్నకి గ్రాఫ్ పంపాను. ఆయనకి హార్స్‌పవర్ మీద ఎప్పుడూ గౌరవం లేదు. 'పైన ఎంత ఇచ్చిందో సరే. లోడుతో శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు డ్రైవర్ పుల్లింగ్ అడుగుతాడు గానీ నీ పీక్ నంబర్ అడగడు. మీవాడు ఏ గేర్లో ఏ రోడ్డు మీద తిరుగుతాడో ముందు అది అడుగు' అన్నారు. లాప్‌టాప్ ముట్టని మనిషి నా ఉద్యోగం సారాంశమంతా రెండు ముక్కల్లో చెప్పేశారు.

అన్నకి అదే అడిగాను. ట్రాక్‌కి ఏడాదిలో ఎన్నిసార్లు వెళ్తావని. ఒకసారి వెళ్లాడట, అదీ చూడ్డానికి. గ్రాఫ్ ముందు పెట్టాను. చాలాసేపు మాట్లాడలేదు. 'పదకొండు హార్స్‌పవర్‌కి వెయ్యి డాలర్లు' అన్నాడు. నేను ఏమీ అనలేదు. ఆ రాత్రి భోజనానికి వాళ్లింటికే వెళ్లాం, కార్ల గురించి తప్ప అన్నీ మాట్లాడుకున్నాం. నాలుగు రోజుల తర్వాత ఫోన్ చేశాడు. మానిఫోల్డ్ అమ్మకానికి పెట్టాడట. గ్రాఫ్ మొత్తం, కింద తగ్గిన భాగంతో సహా పెట్టాడు. ట్రాక్‌లో రేసులు నడిపే ఒకతను కొనుక్కెళ్లాడు. 5,000 కిందకి దిగని వాడికి అది సరైన పార్టే. కామ్‌షాఫ్ట్‌ల లిస్టు సంగతి నేను అడగలేదు, ఆయనా ఎత్తలేదు. స్పేసర్ నా కారులోనే ఉంది.

మీ బండికి చేతులు పెట్టేముందు

ముందు చట్టం. మన దగ్గర మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019లో ఇదే గట్టిగా చెప్పింది. అమెరికాలోనూ అంతా ఓపెన్ కాదు. కాలిఫోర్నియాలో ఇలాంటి ఇన్‌టేక్ పార్టులు రోడ్డు మీద తిరిగే కారుకి పెట్టాలంటే అక్కడి ఎయిర్ రిసోర్సెస్ బోర్డు అనుమతి నంబర్ ఉండాలి.

తర్వాత డబ్బాల మీద రాసుండే నంబర్లు. 'ప్లస్ 25' అని ఉంటే షాపువాణ్ని మూడే ప్రశ్నలు అడగండి. ఏ ఆర్పీఎం దగ్గర? కింద ఎంత పోయింది? పాత పార్ట్ మళ్లీ బిగించి కొలిచారా? మూడోదానికి జవాబు వచ్చేదాకా పర్సు తీయకండి.